రెండు పొట్టి, ఒక పొడుగు

మోకాలు ఆవిడది. దాని మీద అభిప్రాయాలు ఆయనవి.

డాక్టరు ఆవిడ కుడికాలు పట్టుకుని, తలుపు గడియ సరిగ్గా పడుతోందో లేదో చూసేవాడిలా మెల్లగా వంచి, చాపి, "ఇక్కడ నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే పక్క కుర్చీలోంచి జవాబొచ్చింది.

"ఉంటుందండీ. బాగా ఉంటుంది. మెట్లెక్కితే మరీను."

డాక్టరు ఒకసారి ఆయన మోకాలి వైపు చూసి, మళ్ళీ ఆవిడ వైపు తిరిగాడు. "నడిస్తే ఎలా ఉంటోంది?"

"నడవదండీ," అన్నాడాయన. "నడవాల్సిన అవసరం ఏముంది? ఎక్కడికైనా నేనే తీసుకెళ్తానుగా."

ఆవిడ తెరిచిన నోటిని కాసేపు అలాగే ఉంచి, చివరికి ఆవులింతగా మార్చి మూసేసింది.

ఆవిడ దర్జీ. ఆయన బస్సు డ్రైవరు, ఈ మధ్యనే రిటైరయ్యాడు. స్టీరింగుని ఆయన వదిలాడు గాని స్టీరింగు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో కుర్చీలో కూచుని కూడా, ఆవిడ కూరలో ఉప్పు వేస్తుంటే కుడికాలితో నేలని గట్టిగా నొక్కేవాడు. బ్రేకన్నమాట. అప్పటికే ఉప్పు పడిపోయి ఉండేది.

"మిషను తొక్కడం మాత్రం ఇంక వద్దు," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "నడక మంచిదే. చదునైన నేల మీద, తొందర లేకుండా, ఎంత దూరమైనా."

ఆస్పత్రి మెట్లు దిగేసరికి ఇద్దరి చెవుల్లోనూ రెండు వేరు వేరు మాటలున్నాయి. ఆయన చెవిలో "వద్దు". ఆవిడ చెవిలో "ఎంత దూరమైనా".

*

ఆవిడ కుట్టుగది ఇంటి ముందుగదే. గుమ్మంలో నిలబడితే ఎదురుగా బస్టాండు. మిషను వీధివైపు తిప్పి ఉంటుంది గనక, గుడ్డ మీద ఒక కన్ను, లోకం మీద ఒక కన్ను వేసి ఇన్నేళ్ళూ కుట్టుకొచ్చింది. సాయంత్రం చివరి ట్రిప్పు ముగించుకుని ఆయన బస్సు మూల తిరిగేటప్పుడు హారన్ మోగేది. రెండు పొట్టి, ఒక పొడుగు. ఆవిడ తలెత్తి చూసేది కాదు. చేతిలో ఉన్న కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, లోపలికెళ్ళి స్టవ్ మీద పాలు పెట్టేది. ఆయన బస్సుని డిపోలో పడుకోబెట్టి వచ్చేసరికి టీ గ్లాసు సిద్ధం.

రిటైరైన రోజున ఆయన ఆ బస్సునీ, ఆ హారన్‌నీ కలిపి తన తమ్ముడిలాంటి డ్రైవరుకి అప్పజెప్పాడు. ఆ డ్రైవరు పేరు డిపో అంతటికీ రాకెట్. సైకిళ్ళు కూడా గంట కొట్టి అతని బస్సుని దాటిపోతాయి కాబట్టి ఆ పేరు. అతను గురుభక్తితో ఇప్పటికీ సాయంత్రం మూల తిరిగేటప్పుడు రెండు పొట్టి, ఒక పొడుగు మోగించేవాడు. అప్పుడు ఆయన గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపేవాడు. ఆవిడ లోపల పాలు పెట్టేది. ఇంట్లోనే ఉన్న మనిషికి ఇంటికొచ్చిన టీ.

డాక్టరు తొక్కడం వద్దన్నాక ఆయనే మిషనుకి మోటారు బిగించాడు. బాగానే పనిచేస్తోంది. బొటనవేలితో తాకితే చాలు, జర్రున కుట్టేస్తుంది. పాపం, ఆవిడ కాళ్ళకే ఉద్యోగం పోయింది. మిషను కింద పక్కపక్కన కూచుని ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి.

ఒకరోజు ఆవిడ బల్ల మీద నాలుగు భుజం సంచులున్నాయి. ఏటా ఈ కాలంలో యాత్రికులు వస్తారు. రోజుల తరబడి నడిచే పెద్ద యాత్ర అది. దానిలో సరస్సు ఒడ్డున సాగే ముక్క మాత్రం ఒక్క పగటి నడక. ఇక్కడ మొదలై, నీళ్ళలోకి చొచ్చుకుపోయిన కొండ కొస మీద ఉన్న పాత రాతి మందిరం దగ్గర ముగుస్తుంది. సరిగ్గా ఇక్కడికొచ్చేసరికే అందరి సంచుల పట్టీలూ తెగుతాయి. ఆవిడ పట్టీ మొదట్లో చతురస్రం కుట్టి, దాని మధ్యలో గుణకారం గుర్తు వేస్తుంది. గోడ కూలినా ఆ గుర్తు ఊడదు. ఎన్ని సంచులో అలా ఆవిడ చేతిమీదుగా సరస్సు చూడ్డానికి వెళ్ళాయి. ఆవిడే వెళ్ళలేదు.

"ఎల్లుండి నేను వెళ్తున్నానండీ," అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఎక్కడికి?"

"సరస్సు దారికి."

"ఓస్, అంతేనా. మందిరం దాకా మన బస్సేగా. నేను తోలిన రూటే. ముందు సీట్లో కూచోబెట్టి..."

"దారికి అన్నాను. మందిరానికి అనలేదు."

ఆయన కుడికాలు నేలని నొక్కింది. "నడిచా? ఆ మోకాలితోనా?"

"మోకాలితోనే. విడిచిపెట్టి వెళ్ళడానికి అదేమైనా గొడుగా?"

"అలిసిపోతావోయ్."

"ఇన్నేళ్ళు ఈ మిషను తొక్కాను. తొక్కిన తొక్కుడు నేల మీద పరిస్తే ఎక్కడికి చేరేదాన్నో. ఇదిగో, ఈ స్టూలు మీద నుంచి జానెడు ముందుకు జరగలేదు."

"నేను మాత్రం?" అన్నాడాయన, అదేదో గొప్పలా. "ఎన్ని ఊళ్ళు తిరిగాను! ఒక్క అడుగు వేశానా?"

ఆవిడ నవ్వింది. మోకాలి నొప్పి తగ్గించడానికి మందుంది గాని, మోకాలడ్డే మొగుడికి లేదనుకుంది. కానీ మర్నాడే ఆయన బూట్ల దుకాణానికెళ్ళి ఆవిడకి మెత్తటి నడక బూట్లు తెచ్చాడు. తెచ్చాక టైరు చూసినట్టు బొటనవేలితో అడుగంతా నొక్కి, అటూ ఇటూ వంచి, గాలి సరిపోయిందన్నట్టు తలూపి ఆవిడ ముందు పెట్టాడు.

"మరి మీకో?"

"నాకెందుకు? డ్యూటీ బూట్లున్నాయి. ప్రపంచం చూసిన బూట్లు."

"చూశాయి. నడవలేదు."

ఆ సాయంత్రం ఆయన ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. మామూలుగా ఆయన ఫోనులో మాట్లాడితే అవతలివాడికి ఫోను అక్కర్లేదు. అలాంటిది గుసగుసలాడాడు. ఆ గుసగుసలో కూడా "రోడ్డు కలిసేచోట" అన్న ముక్క వంటింటి దాకా వచ్చింది. డిపో కబుర్లేమో అనుకుని ఆవిడ పట్టించుకోలేదు.

*

దారంతో సంసారాన్ని లాక్కొచ్చిన మనిషి దారి మీదికి రావడం అదే మొదలు. పొద్దున్నే బయల్దేరారు. ఊరి చివర ఇళ్ళు అయిపోయినచోట ఒక రాయి మీద పసుపు చుక్క. అక్కడి నుంచి కొంత దూరానికొక చుక్క. చుక్క నుంచి చుక్కకి వెళ్ళడమే యాత్ర. ఆవిడకది సుద్దతో గీసిన కొలతగుర్తుల్లా తోచింది. గుర్తులున్నాక కుట్టడమెంతసేపు.

సరస్సు ఆవిడ అనుకున్నంత పెద్దగా లేదు. అనుకున్నదానికంటే చాలా దగ్గరగా ఉంది. దారి పక్కనే, వంగితే చెయ్యి తడిసేంత దగ్గర. గాలికి నీళ్ళు ఒకవైపు ముడతలు పడుతున్నాయి, ఇంకోవైపు ఎవరో ఇస్త్రీ చేసినట్టు సాఫీగా ఉన్నాయి. ఒడ్డున రెల్లు కుచ్చుల్లా ఊగుతోంది. ఆవిడ ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడే పని ఆయన చూసుకున్నాడు.

ఆయన ఎడమ పక్కనే నడిచాడు. మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి బయటికి చాపాడు. వెనకనుంచి యాత్రికులెవరైనా వస్తే కుడిభుజం మీదుగా, అక్కడ అద్దం ఉన్నట్టు, కళ్ళు తిప్పి చూసి దారిచ్చాడు. దారి పక్కన బల్ల కనిపిస్తే చాలు, "స్టాపొచ్చింది, దిగు," అని కూచున్నాడు.

"నొప్పా?" అన్నాడు మొదటి బల్ల దగ్గర.

"లేదండీ."

"అలిసిపోయావు."

"లేదండీ."

"మొహం చెప్తోందిగా."

"ఆ మొహం కూడా మీదేనా ఇప్పుడు?"

తర్వాతి బల్ల దగ్గర మళ్ళీ అదే పాట. ఆవిడ ఒక సంగతి గమనించింది. ఆయన అడగనంతసేపూ మోకాలు తన పని తాను చేసుకుపోతోంది. అడగ్గానే, హాజరు పిలిచినట్టు, ఉన్నానంటోంది.

మధ్యాహ్నం కావస్తుండగా ఆయన మాటలు తగ్గాయి. నడక మందగించింది. బల్ల రాకుండానే ఆగి, నీళ్ళలో కొంగని చూస్తున్నట్టు నిలబడ్డాడు. అక్కడ కొంగ లేదు. ఎండ తగిలిందేమోలే అనుకుంది ఆవిడ.

అప్పుడు వినిపించింది. పైన చెట్ల వెనక నుంచి, చాలా దగ్గరగా. రెండు పొట్టి, ఒక పొడుగు.

ఆవిడ ఆగిపోయింది. బస్సు కదులుతున్న చప్పుడు లేదు. ఎవరికోసమో నిలబడి పిలుస్తోంది. కాసేపాగి మళ్ళీ, రెండు పొట్టి, ఒక పొడుగు.

"ఏమిటండీ అది?"

"ఏమో," అన్నాడాయన, లేని కొంగని మరింత శ్రద్ధగా చూస్తూ. "ఏదో బస్సు."

ఇంజను దగ్గు విని అది ఏ డిపో బండో, దాని డ్రైవరు ఎవరో, వాడు పొద్దున ఏం తిని బయల్దేరాడో చెప్పే మనిషి "ఏదో బస్సు" అన్నాడు. ఇంక ఆవిడకి అడగాల్సిందేమీ మిగల్లేదు. ఇన్నేళ్ళూ ఇంట్లో కుట్టు ఆవిడది. కుట్ర మాత్రం ఆయనది.

"పాలు పెట్టమంటారా?" అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదోయ్. దారీ రోడ్డూ ఇక్కడ కలుస్తాయి. మళ్ళీ చివరిదాకా కలవవు. మధ్యలో నీకేదైనా అయితే... అందుకని రాకెట్‌గాడికి చెప్పి ఉంచాను. ఎక్కేస్తే అరగంటలో మందిరం. నువ్వు చూసినట్టూ ఉంటుంది, కాలు..."

"నొప్పొచ్చిందని నేను చెప్పానా?"

"చెప్పలేదు."

"రాలేదు కూడా. డాక్టరు అడిగితే నా నొప్పి మీరే చెప్పారు. సరే, పోనీ అనుకున్నాను. ఇప్పుడు నా అలుపు కూడా మీరే పడిపెడతారా? ఇంక నాకంటూ ఏముంటుందండీ?"

కోపంగా అనలేదు. గుడ్డ చిరిగినచోట వేలు పెట్టి చూపించినట్టు చూపించింది, అంతే. ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ ముందుకు తిరిగి నడవసాగింది. ఈ దారి చివరిదాకా తన కాళ్ళతో వెళ్ళకపోతే, రేపటి నుంచి ఆ స్టూలు మీద కూచోవడం తన వల్ల కాదని ఆ నాలుగడుగుల్లో తెలిసింది.

వెనక ఆయన అడుగులు వినిపిస్తున్నాయి. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. బట్ట కొస ఒకవైపు దిగిపోతే చూడక్కర్లేకుండానే తెలిసిపోయే మనిషి ఆవిడ. వెనక్కి తిరిగింది.

"కూచోండి ఆ రాయి మీద. ఆ బూటు విప్పండి."

"ఏం లేదోయ్."

"నొప్పా?"

"అబ్బే."

"మొహం చెప్తోంది."

ఆయన కూచున్నాడు. కుడి బూటు విప్పాడు. ఎడమది బాగానే ఉంది. కుడిదాని అడుగు, ఏళ్ళ తరబడి ఒకే చోట ఆక్సిలరేటరుని నొక్కీ నొక్కీ, అప్పడంలా పలచబడి ఆ పొద్దున ఎక్కడో పగిలింది. అడుగు లేని బూటుతో అడుగు ఎలా వేశాడో ఆయనకే తెలియాలి. మేజోడుకి చిల్లు, చిల్లులోంచి కోటు బొత్తామంత బొబ్బ. కాలికి ఇంత బొబ్బ ఎక్కినా నోటితో ఒక్క బొబ్బ పెట్టలేదు మహానుభావుడు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి స్టాపు నుంచి."

అంటే మొదటి బల్ల దగ్గర "అలిసిపోయావు" అన్నప్పటి నుంచి. అంటే ఆ కూచోవడాలన్నీ ఎవరి కోసమో. ఆవిడకి నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆయన మొదట మూతి ముడుచుకున్నాడు, తర్వాత ఆయనకీ అంటుకుంది. దారినపోయే యాత్రికుడొకడు, ఒంటి బూటుతో నవ్వుతున్న పెద్దమనిషిని చూసి, తలూపి వెళ్ళిపోయాడు.

ఆవిడ సంచిలోంచి గుడ్డముక్క తీసి సరస్సులో తడిపి పాదం తుడిచింది. ఇంకో ముక్క మడతలు పెట్టి బొబ్బ మీద వేసి కట్టింది. బూటు అడుగుకి బొత్తాల దారం రెండు పేటలు చేసి, నాలుగు పెద్ద కుట్లు వేసింది. "రోడ్డు దాకా వస్తుంది. అంతకు మించి పూచీ లేదు," అంటూ దారం కొరికింది.

*

రోడ్డు మీద బస్సు ఆగి ఉంది. కిటికీల్లోంచి ప్రయాణికుల తలలు బయటికొచ్చి ఉన్నాయి. రాకెట్ దిగి ఎదురొచ్చాడు.

"రా వదినా. ముందు సీటు, కిటికీ పక్కది, రుమాలు వేసి ఉంచాను. వీళ్ళంతా నన్ను తిట్టి తిట్టి అలిసిపోయారు."

"ఎప్పుడూ తిట్టేదేగా," అంది లోపల్నించి ఒక ముసలమ్మ. "ఇవాళ ఆగి తిట్టించుకుంటున్నాడు, అదే తేడా."

"ఆ రుమాలు అలాగే ఉంచు బాబూ," అంది ఆవిడ. "ఎక్కేది నేను కాదు. మీ అన్నయ్య."

రాకెట్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చూపు గుడ్డ కట్టిన కాలి దగ్గర ఆగింది. బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు.

"నేనూ నడుస్తా," అన్నాడాయన. రెండడుగులు వేసి చూపించబోయి, ఒకటిన్నర దగ్గర ఆగిపోయాడు. "ఒక్కదానివీ ఎలా వెళ్తావు?"

"ఒక అడుగు తర్వాత ఇంకోటి వేస్తూ."

"నొప్పొస్తే?"

"వస్తే నాకే వస్తుంది కదండీ. నేను చూసుకుంటాను."

ఆయన చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. ఈసారి ఆ మొహం ఏం చెప్తోందో ఆయన పైకి చెప్పలేదు. నీళ్ళసీసా మాత్రం తీసి ఆవిడ చేతికిచ్చి, బస్సు వైపు నడిచాడు. అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికెళ్ళి పిడి మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు గుర్తొచ్చి, చుట్టూ తిరిగొచ్చి, జనం ఎక్కే మెట్లెక్కాడు. ఆ మెట్లు అంత ఎత్తని ఆయనకి అప్పుడే తెలిసుంటుంది. కమ్మీ పట్టుకుని ఎక్కి, రుమాలు తీసి రాకెట్‌కిచ్చి, కిటికీ పక్కన కూచున్నాడు. బస్సు కదలగానే ఆయన కుడికాలు నేలని నొక్కింది కాబోలు, మొహం ముడుచుకుంది. బస్సు మాత్రం ఆగలేదు.

*

తర్వాత ఎంతసేపు నడిచిందో ఆవిడ చూసుకోలేదు. బల్లలు వచ్చాయి, వాటిని దాటేసింది. బల్ల లేనిచోట, చెట్టువేరు నీళ్ళమీదికి వంగినచోట, ఊరికే కూచోబుద్ధయింది, కూచుంది. బూట్లు విప్పి పాదాలు నీళ్ళలో పెట్టింది. ఉద్యోగం పోయిన రెండు పాదాలూ నీళ్ళ అడుగున కొంచెం పెద్దవిగా, కొంచెం పొగరుగా కనిపించాయి. చిన్నచేపలొచ్చి కొలతలు తీసుకుని వెళ్ళిపోయాయి.

లేచి నడుస్తుంటే మోకాలు పలికింది. పదునుగా కాదు, మిషను నూనె అడిగినట్టు. ఆవిడ ఆగి, చేత్తో పట్టుకుని చూసుకుంది. అవును, నొప్పే. ఎవరూ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా వచ్చిన నొప్పి. కాసేపు నిలబడింది. తర్వాత ఇంకొంచెం మెల్లగా, దానిక్కూడా వీలయ్యేలా నడిచింది.

ముందు ఒక అమ్మాయి ఒంటరిగా వెళ్తోంది. వీపున వెలిసిపోయిన ఆకుపచ్చ సంచి. ఎడమ పట్టీ మొదట్లో చతురస్రం, దాని మధ్యలో గుణకారం గుర్తు.

"ఏమ్మా, ఆ పట్టీ ఎలా ఉంది? పట్టుకుందా?"

అమ్మాయి వెనక్కి తిరిగింది. "గట్టిగా ఉందండీ. ఈ సంచి మా అక్కది. కిందటేడు తనొచ్చినప్పుడు ఈ దారి మొదట్లో బస్టాండు దగ్గర ఎవరో కుట్టారట. ఎందుకలా అడిగారు?"

"ఊరికే," అంది ఆవిడ. అమ్మాయిని ముందుకు పోనిచ్చి, తన కుట్టు వెనకే తను నడిచింది, అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా.

ఎండ పసుపు తిరిగేవేళకి చెట్లు పలచబడ్డాయి. కొండ కొస మీద రాతి మందిరం, దాని కింద చిన్న బస్టాపు, పక్కన టీ దుకాణం. ఆఖరి పసుపుచుక్క దగ్గర ఆవిడ ఆగింది. అక్కణ్ణించి ఆయన కనబడుతున్నాడు. దుకాణం ముందు బల్ల మీద, కట్టు కట్టిన కాలు చాపుకుని, ఒళ్ళో బూటు పెట్టుకుని కూచున్నాడు. రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎదురుచూడ్డం అలవాటు లేని మనిషి, వచ్చేవాళ్ళెవరైనా బస్సుల్లోనే వస్తారనుకునే మనిషి. ఆయన పక్కన బల్ల మీద నిండు టీ గ్లాసొకటి మీగడ కట్టి ఉంది. దాని పక్కన ఇంకోటి. అదీ మీగడే.

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టుకుంది.

"పీం. పీం. పీ...మ్."

ఆయన తలెత్తి చూడలేదు. దుకాణం వైపు తిరిగి, "బాబూ, ఇంకోసారి పాలు పెట్టు. ఈసారి వచ్చేసింది," అన్నాడు. అన్నాకే ఆ హారన్ ఎటునుంచి వచ్చిందో తోచి దారివైపు తిరిగాడు. లేవబోయాడు, కాలు ఒప్పుకోలేదు, బూటు కిందపడింది.

ఆవిడ మందిరం గోడని ఒకసారి అరచేత్తో తాకి వచ్చి ఆయన పక్కన కూచుంది. టీ వచ్చింది. పొగలు కక్కుతోంది. ఆయన చల్లారిపోయిన గ్లాసుల్ని బల్ల చివరికి జరిపేశాడు.

"ఎలా ఉంది కాలు?" అన్నాడు.

అని, ఆగాడు. పెదవులు ఏదో అనడానికి సిద్ధమయ్యాయి, వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి మూసుకున్నాడు. కుడికాలు కూడా నేలని నొక్కలేదు. చూస్తూ ఉండిపోయాడు.

ఆవిడ తొందరపడలేదు. ఒక గుక్క తాగింది. బూట్ల దారాలు వదులు చేసుకుంది. నీళ్ళమీద ఎండ మడతలు పడ్డాన్ని చూసింది. ఇంకో గుక్క తాగింది. ఆయన ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు.

"కొంచెం నొప్పిగానే ఉందండీ," అంది, ఎంతో తృప్తిగా.